నిమ్మళంగా తిరిగే మాయల గేమ్ కావాలన్న చిత్తూరు అక్కకి

అక్కా, మీరు అడిగింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, తప్పుంటే సరిదిద్దండి. మీ ఇల్లు చిత్తూరు గ్రీమ్స్‌పేటలో. బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి అయిదు. అబ్బోడు ఫోన్లో కాల్పుల గేమ్ ఆడి, ఓడిపోయిన ప్రతిసారీ ఫోన్ మంచం మీదకి విసిరేస్తా ఉన్నాడు. ఎండాకాలం సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడుకునేది కావాలి. కొట్లాట ఉండకూడదు, కొండలూ అడవులూ తిరగాలి, కాస్త మాయా మంత్రమూ ఉండాలి. ఇంట్లో ఉండేది అయిదేళ్ళ నాటి ల్యాప్‌టాప్, ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. అవ్వ కూడా చూసేలా ఉంటే మేలన్నారు.

నేను తిరుపతి బైరాగిపట్టెడలో కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తాను. అంతకు ముందు ఏడెనిమిదేళ్ళు నెట్ సెంటర్ నడిపినాను. సాయంత్రం స్కూలు వదిలితే చాలు, గంటకి పదిహేను రూపాయలు చేతిలో పట్టుకుని పిల్లోళ్ళు క్యూ కట్టేవాళ్ళు. మౌసుని టేబుల్‌కేసి కొట్టేవాణ్ణీ, పక్కవాడి కాలర్ పట్టుకునేవాణ్ణీ రోజూ చూసినాను. ఇప్పుడు నాకూ ఒక కూతురు. కాబట్టి మీరు అడిగిన దాని మీద నాకు కాస్త పిచ్చి ఉంది, సమాధానం పొడుగైతే ఏమనుకోవద్దు.

మొదట ఒక మాట. కొట్లాట లేకపోతే చాలని మీరు అనుకుంటా ఉన్నారు. చాలదు. మా చెల్లెలి కూతురికి ఎనిమిదేళ్ళప్పుడు ఫోన్లో ఒక ఉచిత గేమ్ వేసి ఇచ్చినారు. పేరు వద్దు. ముద్దుగా ఉండే మంత్రగత్తె, పూలతోట, పిల్లి. రక్తం చుక్క లేదు. కానీ ఆ తోటలో పువ్వు విచ్చుకోవడానికి నాలుగు గంటలు పడుతుంది. విచ్చుకున్నాక కోయకపోతే వాడిపోతుంది. ఆ పిల్ల తెల్లవారి అయిదున్నరకి అలారం పెట్టుకుని లేస్తా ఉంటే, చదువుకోవడానికనుకుని ఇంట్లో అందరూ మురిసిపోయినారు. నెలాఖరుకి బ్యాంకు మెసేజిలు చూస్తే 1,780 రూపాయలు వజ్రాలకి పోయినాయి. వజ్రం వాడితే పువ్వు వెంటనే విచ్చుకుంటుందంట! ఏడుపు మాత్రం మీ అబ్బోడి ఏడుపులాంటిదే.

అందుకే బొమ్మలు చూసి గేమ్ ఎంచుకోవద్దంటాను. ఆడతా ఆడతా మధ్యలో ఆపేస్తే ఏమవుతుందో చూడండి. వారం రోజులు ముట్టుకోకపోతే లోపల ఏమైనా పాడవుతుందా? ఈరోజు రాకపోతే బహుమతి పోయిందని చెప్తుందా? ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా నడుస్తుందా? ఈ మూడూ పది నిమిషాల్లో మీకే తెలిసిపోతాయి. మన పక్క అంటాం చూడండి, గమ్మునుండమని. ఆపినప్పుడు గమ్మునుండే గేమే మీకు కావలసింది. అలాంటివాటికి ఇంగ్లీషులో కోజీ గేమ్స్ అని పేరు పెట్టినారు కానీ, ఆ పేరు తగిలించుకున్నవన్నీ గమ్మునుండవు.

ఇక పేర్లు. మీ ఇంటికి నేను మొదట పెట్టమనేది ‘ఎ షార్ట్ హైక్’. 2019లో వచ్చింది, కెనడాకి చెందిన ఆడమ్ రాబిన్సన్-యూ చేసినాడు. ఇందులో క్లేర్ అని ఒక పిట్టపిల్ల. సెలవులకి వాళ్ళ మే అత్తతో ఒక కొండ పార్కుకి వస్తుంది. ముఖ్యమైన ఫోన్ కాల్ కోసం ఎదురుచూస్తా ఉంటుంది, అక్కడేమో సిగ్నల్ లేదు. హాక్ పీక్ అనే శిఖరం ఎక్కితేనే సిగ్నల్ దొరుకుతుందని అత్త చెప్తుంది. కథ అంతే. శత్రువు లేడు, టైమర్ లేదు, చావు లేదు. ఎక్కడి నుంచి కింద పడినా రెక్కలు చాపితే గాలిలో తేలిపోతాము.

మాయ అంతా బంగారు ఈకల్లో ఉంది. ఒక్కో ఈక దొరికేకొద్దీ ఇంకొంచెం ఎత్తు ఎగరచ్చు, రాతిగోడ మీద ఇంకొంచెం సేపు పాకచ్చు. ఈకలు కొన్ని అమ్ముతారు, కొన్ని కొండ మూలల్లో దాక్కుని ఉంటాయి. శిఖరం దగ్గరికొచ్చేసరికి చలికి ఈకలు గడ్డకడతాయి, వేడినీటి గుంటలో దిగితే మళ్ళీ మామూలవుతాయి. దారిలో ఒక కుందేలు తలపట్టీ పోగొట్టుకుని, అది లేకుండా పరుగుపందెంలో ఎట్లా పరిగెత్తాలని దిగులు పడతా ఉంటుంది. వెతికి ఇస్తే ఇవ్వచ్చు, లేదంటే మన దారిన మనం పోవచ్చు. ఎవరూ ఏమీ అనరు.

మా పాప ఇది ఆడింది అలిపిరి మెట్లెక్కిన మరుసటి వారం. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం దాకా ఎగురుతా వచ్చి, జింకల పార్కు దగ్గర కూలబడి, నిట్టనిలువుగా ఉండే మోకాలి మెట్టు దగ్గర నా భుజమెక్కింది. గేమ్‌లో క్లేర్ రాతిగోడ సగం పాకి జారిపోతే మా పాప, ‘నాయనా, దీనికి మోకాలి మెట్టు వచ్చింది’ అనింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ గోడ పేరు మోకాలి మెట్టే. శిఖరం మీద ఫోన్లో ఎవరు మాట్లాడతారో నేను చెప్పను, మీరు పక్కన ఉండేటప్పుడు ఎక్కించండి.

నేరుగా ఎక్కేస్తే గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. పిల్లోళ్ళు నేరుగా ఎక్కరు కదా. గాలం వేసి చేపలు పడతారు, గవ్వలు ఏరుతారు. మా ఇంట్లో ఆరు సాయంత్రాలు పట్టింది. కావాలన్నప్పుడు మెనూలోకి పోయి సేవ్ చేసి బయటకి రావచ్చు. బొమ్మ కావాలనే గళ్ళు గళ్ళుగా, పాతకాలం టీవీలో మాదిరి ఉంటుంది. అవ్వ కళ్ళకి ఇబ్బందైతే సెట్టింగుల్లో ఆ గళ్ళ సైజు తగ్గించుకోవచ్చు. మీ ల్యాప్‌టాప్‌లో ఇబ్బంది లేకుండా నడుస్తుంది.

తెలుగు ఉండదు, మాటలన్నీ ఇంగ్లీషులో అక్షరాల రూపంలో వస్తాయి. చాలామంది దీన్ని లోపమంటారు. మా ఇంట్లో అదే కలిసొచ్చింది. మాటల పెట్టె వచ్చినప్పుడల్లా నేను తెలుగులో చదివేవాణ్ణి, ఒక్కో జంతువుకి ఒక్కో గొంతు. పందెం కుందేలుకి పుత్తూరు యాస పెట్టినాను. మీ బాబుకి తొమ్మిదేళ్ళు కాబట్టి వాడే చదివి చెల్లెలికి చెప్పగలడు. తెలీని మాట వస్తే మిమ్మల్ని పిలుస్తాడు, మీరు వంటింట్లో నుంచి రావాల్సి వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి.

మాయ ఇంకా కావాలంటే ‘యాండర్: ద క్లౌడ్ క్యాచర్ క్రానికల్స్’. ఆస్ట్రేలియాలోని ప్రైడ్‌ఫుల్ స్లాత్ అనే చిన్న సంస్థ 2017లో తెచ్చింది. తుఫానులో ఓడ పగిలి జెమియా అనే ద్వీపానికి చేరుకుంటాము. అక్కడక్కడా ఊదారంగు పొగమంచు దారి మూసేసి ఉంటుంది. దాన్ని తొలగించాలంటే స్ప్రైట్‌లని వెతికి తోడు తెచ్చుకోవాలి, వనదేవతల పిల్లలనుకోండి. ఒక్కో పొగకి ఇన్ని స్ప్రైట్‌లు కావాలని లెక్క. కత్తి లేదు, ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత లేదు, కొండ మీద నుంచి దూకితే గొడుగు తెరుచుకుంటుంది. డబ్బు కూడా లేదు, వస్తువుకి వస్తువే. రాళ్ళు ఇచ్చి గడ్డి తెచ్చుకోవాలి, గడ్డి ఇచ్చి చేప. వెనకటికి వడ్లు కొలిచి ఉప్పు తీసుకున్నట్టు. అవ్వకి ఇది మీరు వివరించాల్సిన పని లేదు, ఆమే మీకు బేరం నేర్పుతుంది. ద్వీపమంతా పిల్లులు దాక్కుని ఉంటాయి. మీ పాపకి ఆ పని అప్పజెప్పండి, మిగతా కథ ఆమెకి అక్కర్లేదు.

ఇందులో రెండు ఇబ్బందులు. సగం దాటినాక అది తే, ఇది తే అనే పనులు ఎక్కువై కొంచెం విసుగు. రెండోది, మీ ల్యాప్‌టాప్‌కి ఇది బరువు. గ్రాఫిక్స్ అన్నీ కింది మెట్టుకి దించి చూడాలి. దాని సంగతి చివర చెప్తాను.

గంగ జాతర చూసిన పిల్లోళ్ళకి ‘లిల్ గేటర్ గేమ్’ చెప్పకుండానే అర్థమవుతుంది. జాతర వారం రోజులూ తిరుపతిలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషమని ముఖాలకి రంగులు పూసుకుని తిరుగుతారు కదా. ఎదురింటి కుర్రోడే ఆరోజుకి బైరాగి. ఈ గేమ్‌లో మొసలి పిల్లోడు, వాడి స్నేహితులు అట్ట ముక్కలతో రాక్షసుల్ని చేసి ద్వీపమంతా నిలబెడతారు, కర్రకత్తితో కొడితే అట్ట చిరుగుతుంది. ఎందుకంటే కాలేజీకి పోయి వచ్చిన అక్క ల్యాప్‌టాప్‌లో తలపెట్టి పని చేసుకుంటా ఉంటుంది, ఆమెని మళ్ళీ ఆటలోకి లాగాలి. 2022 డిసెంబరులో వచ్చింది. అన్నాచెల్లెళ్ళు ఉండే ఇంటికి దీనికంటే మంచిది నాకు తెలీదు. కాల్పుల గేమ్ అలవాటైన అబ్బోడికి ఒక్కసారిగా చేతిలో ఏమీ లేకపోతే తోచదు, వాడికి ఈ కర్రకత్తి సరిపోతుంది.

చీపురు మీద ఎగరాలని పాప అడిగితే ‘మికా అండ్ ద విచెస్ మౌంటెన్’ ఉంది, స్పెయిన్ వాళ్ళది. మంత్రాలు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లని గురువమ్మ కొండ మీద నుంచి తోసేస్తుంది, చీపురు విరుగుతుంది. కొత్త చీపురు కోసం ఊళ్ళో పార్సిళ్ళు మోయాలి. ఒకటి తడవకూడదు, ఇంకొకటి పగలకూడదు. చిన్న గేమ్, ఎగరడం బాగుంటుంది, కథ అంతంతమాత్రం.

‘ఆల్బా’ అని ఇంకొకటి, 2020 నాటిది. మాయ లేదు, అయినా చెప్తా ఉన్నాను. ఒక పిల్ల సెలవులకి అవ్వాతాతల ద్వీపానికి వస్తుంది. ఫోన్‌తో పిట్టల ఫోటోలు తీసి పేర్లు గుర్తుపట్టాలి, అక్కడ హోటల్ కట్టకుండా ఊళ్ళో 50 సంతకాలు సేకరించాలి. మా పాప ఇది ఆడినాక కపిలతీర్థం పోయినప్పుడు నా ఫోన్ లాక్కుని మైనాల్ని, కోతుల్ని తీసింది. ఒక కోతి ఫోన్ కోసం వచ్చింది, అది వేరే కథ.

‘స్టార్‌డ్యూ వ్యాలీ’ గురించి మీరే అడిగినారు, ఎవరో చెప్పినారంట. మంచి గేమ్. ఎరిక్ బరోన్ అనే ఒక్కడే నాలుగేళ్ళకి పైగా కూర్చుని చేసినాడు, 2016లో వచ్చింది. తాత వదిలిపెట్టిన పొలం బాగుచేయడం, పాడుబడిన ఊరి భవనంలో జూనిమోలనే అడవి బుడతలు, మంత్రగాడి గోపురం, అన్నీ ఉన్నాయి. ఫోన్‌లో కూడా ఒకసారి కొంటే చాలు, యాడ్స్ లేవు, నెట్ లేకుండా నడుస్తుంది. గనిలోకి దిగితే మాత్రం కత్తియుద్ధం ఉంటుంది, ఊళ్ళో బారూ ఉంటుంది. నేను చెప్పే జాగ్రత్త వేరే. ఇందులో ఒక రోజంటే మన గడియారంలో దాదాపు 14 నిమిషాలు. కంప్యూటర్లో అయితే పాత్ర మంచమెక్కి పడుకుంటేనే సేవ్ అవుతుంది. అన్నానికి రమ్మని మీరు మధ్యలో పిలిచి ఆపిస్తే వాడి ఆ రోజు పనంతా పోతుంది, గొడవ ఖాయం. అలా అని పడుకున్నాక లేస్తానంటే, తెల్లారగానే చెట్టుకి కాయ కాసి ఉంటుంది, ఇంకొక్క రోజు అంటాడు. మా ఇంట్లో ముందే మాట్లాడుకున్నాము, ఇవాళ మూడు రోజులని. మూడో రాత్రి పడుకోగానే ల్యాప్‌టాప్ మూత. నిమిషాల లెక్క పెట్టినప్పుడు రోజూ ఏడుపే, రోజుల లెక్క పెట్టినాక తగ్గింది. అయిదేళ్ళ పాపకి ఇది అప్పుడే వద్దు.

‘యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్’ జోలికి మీరు పోవద్దు. గేమ్ బాగలేక కాదు. అది నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్లలోనే నడుస్తుంది, ఆ మెషీన్ మన దగ్గర బయట నుంచి తెప్పించి అమ్మేవాళ్ళ తావ కొనాల్సి వస్తుంది, చెడిపోతే వారంటీ కోసం తిరగలేరు. పైగా ఒక మెషీన్‌కి ఒకటే ద్వీపం. ఇద్దరు పిల్లలుంటే మొదట మొదలుపెట్టినవాడు రాజు, రెండోవాళ్ళు అద్దెకున్నట్టు.

ఇంకొకటి, ‘స్పిరిట్‌ఫేరర్’. చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో, కౌగిలింతలు, పడవ, పిల్లి. అది చనిపోయినవాళ్ళని ఆవలి ఒడ్డుకి దాటించే కథ. నేను రెండు రాత్రులు ఏడ్చినాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండేటప్పుడు అయిదేళ్ళ పాప ముందర వద్దు, మీరు ఒంటరిగా ఆడుకోండి.

అవ్వ కోసమని అడిగినారు కాబట్టి ‘వెంబ’ పేరు చెప్తాను. 2023లో వచ్చింది. 1988లో కెనడాకి పోయిన తమిళ దంపతుల వంటింటి కథ. మొదటి వంటే ఇడ్లీ. అమ్మ రాసిచ్చిన పుస్తకంలో అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, ఇడ్లీ తట్లు ఏ వరసలో పేర్చాలో మనమే తేల్చుకోవాలి. నేను తప్పుగా పేర్చినాను. మా అమ్మ వెనక నుంచి చూసి, ‘పైతట్టు గుంట కిందితట్టు గుంట మీదకి రాకూడదురా, ఆవిరెట్లా పోతుంది’ అనింది. జీవితంలో మొదటిసారి మా అమ్మ ఒక గేమ్‌లో నాకు సాయం చేసింది. గంటన్నరలో అయిపోతుంది. మీ బాబుకి విసుగు రావచ్చు, అవ్వకి రాదు.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్. కొత్తది కొనమని ఎవరైనా చెప్తే వినొద్దు. గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్‌లో బొమ్మలు గీసే పని కూడా మామూలు ర్యామ్‌లోనే జరుగుతుంది. మీ 8 జీబీ ఒకే కర్రగా (ర్యామ్ పలకని మేము కర్ర అంటాము) ఉందనుకోండి, ఒకే గేటు నుంచి జనం పోయినట్టు. అదే మోడల్‌కి సరిపోయే ఇంకో 8 జీబీ కర్ర రెండో స్లాట్‌లో పెడితే రెండు గేట్లు తెరుచుకుంటాయి. 16 జీబీ అయిందని కాదు, రెండు దార్లు అయినాయని గేమ్ నున్నగా నడుస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఇలాంటి ఐ3 మెషీన్లలో ‘యాండర్’ లాంటివి ఆడదగినట్టు అయింది ఈ ఒక్క పనితోనే. కొన్ని మోడళ్ళలో రెండో స్లాట్ ఉండదు, ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, ముందు అది చూసుకోవాలి.

మన ఎండలకి ఇంకో సంగతి. పరుపు మీద పెట్టి ఆడొద్దు, కింద గాలిరంధ్రాలు మూసుకుపోతాయి. అయిదేళ్ళుగా విప్పలేదంటే ఫ్యాన్‌లో దుమ్ము దూదిపింజలాగా పేరుకుని ఉంటుంది. మే నెలలో నా టేబుల్ మీదకి వచ్చే ల్యాప్‌టాప్‌లలో సగం రోగం అదే. వేడెక్కితే చిప్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, గేమ్ ఆగి ఆగి నడుస్తుంది, మనమేమో గేమ్‌ని తిడతాము. దుమ్ము తీయించి, చిప్ మీద వేడి లాగే పేస్టు మార్పించి, చపాతీ పీట మీద పెట్టి ఆడండి.

హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి తగిలించండి. ల్యాప్‌టాప్ ముందు ఒకడే కూర్చుంటాడు, టీవీ ముందైతే అందరూ కూర్చుంటారు. చేత్తో పట్టుకుని గేమ్ నడిపే కంట్రోలర్, తీగ ఉన్న యూఎస్‌బీది ఒకటి చాలు, రెండు వద్దు. నేను చెప్పినవన్నీ దాదాపు ఒకరు ఆడేవే. ఒకే కంట్రోలర్ ఉంటే పాప నడిపిస్తుంది, గోడెక్కాల్సి వస్తే అన్న చేతికిస్తుంది. వంతుల గొడవ రెండు రోజులుంటుంది, తర్వాత వాళ్ళే సర్దుకుంటారు.

కొనడం స్టీమ్‌లో, అది కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ అంగడి. యూపీఐ పనిచేస్తుంది. కొని 14 రోజుల లోపల, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. ‘యాండర్’ మీ మెషీన్ లాగుతుందో లేదో ఇట్లా పరీక్షించుకోండి. ‘ఎ షార్ట్ హైక్’ మాత్రం రెండు గంటల్లో పూర్తిచేసి డబ్బు వెనక్కి అడగొద్దు, చేసినోడు పెద్ద కంపెనీ కాదు. ఎండాకాలం సేల్ జూన్ చివర్లో వస్తుంది, సెలవులకి ఆలస్యమే కానీ మిగతావి అప్పుడు సవకగా దొరుకుతాయి. స్టీమ్ ఫ్యామిలీస్ అని ఉంది, ఆరుగురి దాకా చేరచ్చు. బాబుకి పిల్లల ఖాతా పెట్టి, వాడికి ఏ గేమ్ కనపడాలో, ఎంతసేపో మీ ఖాతా నుంచే చెప్పచ్చు. ఫోన్‌లో ప్లే స్టోర్ సెట్టింగుల్లోకి పోయి ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా ఈరోజే మార్చండి, గేమ్ సంగతి రేపు చూసుకోవచ్చు.

కాల్పుల గేమ్ ఒక్కరోజులో పీకేయకండి, వాడి స్నేహితులంతా అందులోనే ఉంటారు. ముందు కొండ ఎక్కనివ్వండి. ల్యాప్‌టాప్ తిరగేస్తే కింద అంటించిన కాగితం మీద మోడల్ నంబరు ఉంటుంది. సీరియల్ నంబరు వేలితో మూసి ఫోటో పెట్టండి, రెండో ర్యామ్ స్లాట్ ఉందో లేదో చూసి చెప్తాను.